గడ్డిపరకతో తేనె తాగిన పిల్లలు, వాళ్ల మాస్టారు

అందరికీ నమస్కారం.

ఇవాళ నేను ఝాన్ ఆన్రీ ఫాబ్రే అనే ఫ్రెంచి బడిపంతులు గురించి మాట్లాడతాను. 1823 డిసెంబరులో పుట్టాడు, 1915 అక్టోబరులో పోయాడు. తొంభై ఒక్క ఏళ్లు బతికాడు. పురుగుల జీవితాల మీద పది సంపుటాలు రాసినవాడిగా లోకానికి తెలుసు. ఆయన సంగతి వచ్చినప్పుడు మామూలుగా బడిని రెండు ముక్కల్లో తేల్చేసి, పురుగుల దగ్గరికి వెళ్లిపోతాం. పాఠాలు పొట్ట కోసం చెప్పాడు, పురుగుల్ని ఇష్టంతో చూశాడు అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నేనూ బడిలో పాఠాలు చెప్పి బతికినవాణ్ణే కాబట్టి, మళ్లీ మళ్లీ చదివేసరికి ఒక సంగతి కనబడింది. ఈయన జీవితం మలుపు తిరిగిన చోటల్లా పక్కన ఒక పిల్లవాడో పిల్లో ఉన్నారు. వాళ్లు ఏదో చూపించారు, ఈయన అటు చూశాడు. ఆ సంగతే ఇవాళ చెప్పాలని వచ్చాను.

1843 నుంచి మొదలుపెడతాను. ఫ్రాన్స్ దక్షిణాన ప్రొవాన్స్ ప్రాంతంలో కార్పాంత్రా అని ఒక ఊరు. ఫాబ్రేకి పందొమ్మిదేళ్లు. అంతకు ముందు ఏడాదే ఉద్యోగంలో చేరాడు. జీతం ఏడాదికి 700 ఫ్రాంకులు. తరగతి గది చుట్టూ ఎత్తయిన గోడలు, చెమ్మ, వెలుతురు తక్కువ. అందులో యాభైమంది దాకా అల్లరి పిల్లలు, కొందరు దాదాపు ఈయన వయసువాళ్లే. వాళ్లకు నేల కొలవడం నేర్పాలి. నల్లబల్ల మీద గీతలు గీసి ఎంత చెప్పినా అది తలకెక్కే విద్య కాదు. అందుకని వేసవి మొదలయ్యాక వారానికొకసారి వాళ్లను ఊరి బయటికి తీసుకెళ్లేవాడు. నున్నటి గులకరాళ్లు పరుచుకున్న పెద్ద బీడు అది. అడ్డం వచ్చే చెట్టూ చేమా ఏమీ లేవు. కొలత గొలుసు, పాతుకునే కర్రలు, కోణాలు చూసే పరికరం పట్టుకుని అందరూ బయల్దేరేవాళ్లు.

మొదటి రోజు నుంచే ఆయనకు ఒక విషయం అనుమానంగా అనిపించింది. కర్ర పాతి రమ్మని ఒకణ్ణి దూరంగా పంపితే వాడు దారిలో ఆగుతాడు, వంగుతాడు, లేస్తాడు, మళ్లీ వంగుతాడు. గీత తిన్నగా ఉందో లేదో చూడమంటే వాడికి పట్టదు. ఇంకొకడు గురుతు పుల్లలు ఏరుకు రావలసినవాడు గులకరాయి పట్టుకొస్తాడు. మరొకడు కోణం సంగతి మరచిపోయి మట్టిగడ్డ నలుపుతూ కూర్చుంటాడు. చాలామంది నోట్లో గడ్డిపరకలు. గొలుసు ఎక్కడిదక్కడే పడి ఉంది.

ఆ బీట్లో నేనుండి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. "పని చూడండ్రా!" అని అరిచేవాణ్ణి. ఫాబ్రే దగ్గరికి వెళ్లి, ఏం చేస్తున్నారని అడిగాడు.

ఆ బీట్లో ఒక పెద్ద నల్ల తేనెటీగ ఉంది. రెక్కలు ముదురు ఊదారంగు, ఒళ్లంతా మఖమల్లా ఉంటుంది. ఇది తుట్టె పెట్టదు, గుంపుగా బతకదు. పొడిమట్టిని తన ఉమ్మితో తడిపి, తాపీమేస్త్రీ సున్నం పెట్టినట్టు గులకరాయి మీద చిన్న చిన్న అరలు కడుతుంది. ఒక్కో అరలో తేనె నింపి, గుడ్డు పెట్టి, మూసేస్తుంది. పిల్లలకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. రాయి తిరగేసి, అర విప్పి, గడ్డిపరక పెట్టి తేనె పీలుస్తున్నారు. మాస్టారూ ఒక పరక తీసుకుని రుచి చూశాడు. కాస్త ఘాటుగా ఉన్నా బాగానే ఉందట. ఆ తర్వాత ఆయనా వాళ్లతో కలిసి రాళ్లు వెతకడం మొదలుపెట్టాడు. కొలతలు ఆ పూటకు పక్కకు పోయాయి.

ఆ తేనెటీగ ఏమిటో తెలుసుకోవాలనిపించింది. ఊళ్లో పుస్తకాల అంగట్లో కీటకాల మీద బొమ్మలతో ఉన్న మంచి పుస్తకం ఒకటి అమ్మకానికి ఉంది. ధర చూస్తే ఒక నెల జీతం! ఆ జీతం కూడా సమయానికి వచ్చేది కాదు. అయినా కొన్నాడు. ఆ నెల ఎలా గడిపాడో గాని, పుస్తకాన్ని మాత్రం నమిలి మింగినట్టు చదివాడు. నల్ల తేనెటీగ పేరు అందులో దొరికింది. పురుగుల జీవితాలను ఏళ్ల తరబడి పరిశీలించి రాసిన మనుషులున్నారని కూడా అందులోనే తెలిసింది. తనకు అలాంటి అదృష్టం ఎప్పుడైనా వస్తుందా అనుకున్నాడు.

ఇక ఆయన చిన్నతనం. అవేరోన్ కొండప్రాంతంలో సాంలియోన్ అనే పల్లెలో పేద రైతుకుటుంబంలో పుట్టాడు. ఊళ్లో బడి అంటే ఒకే గది. వంటా అక్కడే, పాఠమూ అక్కడే. కోడిపిల్లలు, పందిపిల్లలు లోపలికి వచ్చేవి. పాఠం చెప్పే ఆయన ఊరికి మంగలి కూడా, చర్చిలో గంట కొట్టేదీ ఆయనే. తండ్రి పల్లె వదిలి పట్నాలకు పోయి కాఫీ దుకాణాలు పెట్టాడు. ఒక్కటీ నిలబడలేదు. కుటుంబం చెదిరిపోయి, చిన్న వయసులోనే కుర్రవాడు సంతలో నిమ్మకాయలు అమ్మాడు, రైలు పట్టాలు వేసేచోట కూలిపని చేశాడు. తర్వాత అవిన్యోన్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ప్రవేశపరీక్ష రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాడు. ఆ పైన చదివిన గణితం, భౌతికశాస్త్రం, ప్రకృతిశాస్త్రం అన్నీ ఉద్యోగం చేసుకుంటూ, ఎవరూ చెప్పకుండా, రాత్రిళ్లు కూర్చుని చదివినవే. ఒకసారి ఒకబ్బాయి వచ్చి ఆల్జీబ్రా చెప్పమని అడిగాడు. ఈయనకు ఆల్జీబ్రా ఒక్క ముక్క రాదు. సరేనని ఒప్పుకుని, ఒక పుస్తకం సంపాదించి, ముందురోజు తను నేర్చుకున్నది మర్నాడు వాడికి చెప్పాడు. ఇద్దరికీ వచ్చింది.

1849లో కార్సికా ద్వీపంలోని అజాక్సియోకి భౌతికశాస్త్రం చెప్పడానికి వెళ్లాడు. అక్కడికి మొక్కల కోసం మొకాన్ తాందోన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు వచ్చి ఈయన ఇంట్లో దిగాడు. ఫాబ్రే అప్పటికి గణితంలో పెద్ద డిగ్రీ తెచ్చుకుని కాలేజీ ఆచార్యుడు కావాలని కలలు కంటున్నాడు. వెళ్లిపోయే ముందు ఆ పెద్దాయన కుట్టుపని బుట్టలోంచి కత్తెర, రెండు సూదులు తీసుకుని, సూప్ తాగే పళ్లెంలో నీళ్లు పోసి, ఒక నత్తను కోసి దాని లోపలి భాగాలు ఒక్కొక్కటే పరిచి చూపించాడు. లెక్కలు వదిలెయ్, ప్రాణుల దగ్గరికి రా, నీ చోటు ఇదీ అన్నాడు. తన జీవితంలో ప్రకృతిశాస్త్రం మీద విన్న ఒకే ఒక్క పాఠం అదేనని ఫాబ్రే తర్వాత రాసుకున్నాడు. పాఠానికి కావలసిన సామగ్రి ఒక పళ్లెం, రెండు సూదులు. మన ప్రయోగశాలల్లో తాళం వేసిన బీరువాలను చూసినప్పుడల్లా నాకు ఆ పళ్లెమే గుర్తుకొస్తుంది.

జ్వరాలతో ఒళ్లు పాడై, 1853లో అవిన్యోన్‌కి తిరిగి వచ్చాడు. అక్కడి లిసేలో, అంటే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉద్యోగం. జీతం 1600 ఫ్రాంకులు. ఆ ఉద్యోగంలో ఉన్న పదిహేడేళ్లూ ఆ జీతం పెరగలేదు. పిల్లలు పుడుతున్నారు, ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. పురుగులకు మిగిలేవి బడి లేని గురువారాలూ సెలవులే. అలాంటి ఒక చలికాలపు రాత్రి, కుటుంబమంతా పడుకున్నాక, ఇంకా వెచ్చగా ఉన్న పొయ్యి పక్కన కూర్చుని ఒక చిన్న వ్యాసం చదివాడు. లియోన్ ద్యుఫూర్ అనే పేరున్న కీటక శాస్త్రజ్ఞుడు రాసింది.

సంగతి ఇది. సెర్సెరిస్ అనే కందిరీగ మట్టిలో గుంట తవ్వి, లోపల పెంకుపురుగుల్ని దాచి, వాటి మీద గుడ్డు పెడుతుంది. ఆ పురుగులు వారాలు గడిచినా కుళ్లవు, ఎండిపోవు. కాళ్ల కీళ్లు కూడా బిగుసుకోవు. చచ్చిన పురుగు అలా ఎలా ఉంటుంది? కందిరీగ ఏదో కుళ్లకుండా కాపాడే మందు ఎక్కిస్తోందని ద్యుఫూర్ అనుకున్నాడు. ఫాబ్రేకి అనుమానం వచ్చింది. తన ప్రాంతంలో ముక్కుపురుగుల్ని పట్టే సెర్సెరిస్ ఉంది. దాని గుంటలు తవ్వి పురుగుల్ని తెచ్చి, రోజుల తరబడి పెట్టి చూశాడు. కొన్ని విసర్జిస్తున్నాయి. చచ్చిన పురుగు విసర్జించదు. సన్నని సూదులు గుచ్చి బ్యాటరీ నుంచి కరెంటు పంపితే కాళ్లు కదిలాయి. అవి చావలేదు, వాటికి పక్షవాతం వచ్చింది. కందిరీగ కొండితో సరిగ్గా నరాల ముడి ఉన్న చోట పొడిచింది. ముక్కుపురుగుల్లో ఆ ముడులు దగ్గర దగ్గరగా ఉంటాయి, అందుకని ఒక్క పోటు చాలు. ఫాబ్రే అంతటితో ఊరుకోలేదు. ఒక సన్నని మొనతో ఒక చుక్క అమ్మోనియా తీసుకుని అదే చోట తను పొడిచాడు. పురుగు అలాగే పడిపోయింది, అలాగే తాజాగా ఉంది. కందిరీగ పిల్లలకు తాజా ఆహారం చెడకుండా నిలవ ఉండాలంటే అది బతికే ఉండాలి, కదలకూడదు. ఈ చిక్కు లెక్కను కందిరీగ విప్పిందని లోకానికి చెప్పింది ఒక బడిపంతులు. 1855లో అచ్చయింది, 1856లో ఫ్రెంచి సైన్సు అకాడమీ బహుమతి వచ్చింది. జీతం మాత్రం కదల్లేదు.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. ఫాబ్రే కందిరీగ పోటు ఎప్పుడూ గురి తప్పదన్నంత గట్టిగా రాశాడు. తర్వాత చూసినవాళ్లకు అంత కచ్చితత్వం కనబడలేదు. ఒకటికి రెండు చోట్ల పొడిచేవీ ఉన్నాయి, అక్కడక్కడ తప్పేవీ ఉన్నాయి. డార్విన్ చెప్పిన పరిణామ సిద్ధాంతాన్ని ఫాబ్రే చివరిదాకా ఒప్పుకోలేదు. ఇంత నైపుణ్యం కొద్దికొద్దిగా ఎలా వస్తుంది, సగం తెలిసిన కందిరీగ పిల్లలు బతుకుతాయా అని అడిగేవాడు. ఆ విషయంలో ఆయనది పొరపాటే. అయినా డార్విన్ ఈయన్ని మరెవరూ సాటిరాని పరిశీలకుడన్నాడు, ఉత్తరాలు రాశాడు. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకున్నారు.

1865లో పాశ్చర్ అవిన్యోన్ వచ్చాడు. అప్పటికే గొప్ప పేరున్న రసాయనశాస్త్రజ్ఞుడు. పట్టుపురుగులకు రోగం వచ్చి దక్షిణ ఫ్రాన్స్ రైతులు దివాలా తీస్తున్నారు, దాని మీద పని చేయమని ప్రభుత్వం పంపింది. ఫాబ్రే ఇంటికి వచ్చి, పట్టుగూళ్లు చూడాలని ఉంది, ఎప్పుడూ చూడలేదు అన్నాడు. పక్కింటి నుంచి గుప్పెడు తెప్పించాడు ఫాబ్రే. పాశ్చర్ ఒకటి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదో కదులుతోందే, లోపల ఏదైనా ఉందా అని ఆశ్చర్యపోయాడు. ఉంది, ప్యూపా అన్నాడు ఫాబ్రే. ప్యూపా అంటే? గొంగళిపురుగు సీతాకోకగా మారేముందు ఉండే రూపం అని చెప్పాడు. ప్రతి గూడులోనూ ఉంటుందా? ప్రతి దాంట్లోనూ, దాన్ని కాపాడటానికే పురుగు గూడు అల్లుతుంది. అవునా అని, గూళ్లు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు పాశ్చర్.

ఈ కథ విని నవ్వేవాళ్లున్నారు. ఫాబ్రే నవ్వలేదు. ఏమీ తెలియనివాడు అంత ధైర్యంగా అడుగుతున్నాడే అని ముచ్చటపడ్డాడు. పాశ్చర్ కొన్నేళ్లలోనే ఆ రోగాన్ని అరికట్టే దారి చూపించాడు. అప్పటినుంచి తనూ ఒక కొత్త పురుగు దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు పుస్తకాలు చదవకూడదని, తెలియనివాడిలాగే వెళ్లి దాన్నే అడగాలని ఫాబ్రే నియమం పెట్టుకున్నాడు.

డబ్బు కోసం ఆయన ఇంకో ప్రయత్నం చేశాడు. అవిన్యోన్ చుట్టుపక్కల మంజిష్ఠ జాతి మొక్కను పెద్దఎత్తున పండించేవారు. దాని వేరు నుంచి ఎర్రరంగు వస్తుంది. దాన్ని శుద్ధి చేసే కొత్త పద్ధతి కనిపెట్టడానికి ఏళ్లు పట్టింది. దాంతో నాలుగు డబ్బులు వస్తే ఉద్యోగం మానేసి పురుగుల్ని చూసుకోవచ్చని ఆశ. తీరా 1868లో జర్మనీలో ఆ రంగునే తారు నుంచి కృత్రిమంగా తయారు చేశారు. మొక్కకే గిరాకీ పోయింది, ఈయన ఆశా పోయింది.

అవిన్యోన్‌లో ఫాబ్రే చివరి రోజులు బాధ కలిగించేవి. విక్టర్ ద్యురీ అనే విద్యామంత్రి అమ్మాయిలకూ సైన్సు చెప్పాలని 1867లో తరగతులు పెట్టించాడు. ఫాబ్రే అంటే ఆయనకు అభిమానం, పారిస్‌కి పిలిపించి చక్రవర్తికి పరిచయం చేశాడు కూడా. ఫాబ్రే సాయంత్రాలు పెద్దవాళ్లకు, అమ్మాయిలకు నీళ్ల గురించి, గాలి గురించి, మెరుపు గురించి, పువ్వు గురించి చెప్పేవాడు. గది నిండిపోయేది. పువ్వులో కేసరాలు, అండకోశం, పుప్పొడి ఎలా చేరుతుంది, కాయ ఎలా కడుతుంది అని వయసొచ్చిన ఆడపిల్లల ముందు చెప్పడం కొందరు పెద్దమనుషులకు, మతాచార్యులకు నచ్చలేదు. ద్యురీ పదవి పోయింది. ఫాబ్రే అద్దెకుంటున్న ఇంటివాళ్లు ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు, భక్తిపరులు. నెలలోగా ఖాళీ చేయమని అమీనాతో నోటీసు పంపించారు. రాతపూర్వకంగా ఏ ఒప్పందమూ లేదు. ఐదుగురు పిల్లలు. 1870. చేతిలో డబ్బు లేదు.

అప్పుడు ఆదుకున్నది జాన్ స్టువర్ట్ మిల్. పేరున్న ఇంగ్లీషు తత్వవేత్త. భార్య అవిన్యోన్‌లో చనిపోతే సమాధికి దగ్గరగా ఇల్లు కొనుక్కుని అక్కడే గడిపేవాడు. ఫాబ్రేతో కలిసి మొక్కలు సేకరించేవాడు. ఫాబ్రే ఉత్తరం రాసిన కొన్నాళ్లకే 3000 ఫ్రాంకులు పంపాడు, పత్రం రాయించుకోలేదు. ఫాబ్రే ఒరాంజ్ అనే ఊరికి వెళ్లిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ల తరగతి గది జీవితం అక్కడితో ముగిసింది.

పాఠాలు చెప్పడం మాత్రం మానలేదు. ఇప్పుడు పుస్తకాల ద్వారా చెప్పాడు. బడిపిల్లల కోసం పాఠ్యపుస్తకాలు డజన్ల కొద్దీ రాశాడు. లెక్కలు, రసాయనం, ఆకాశం, నేల, ఇంట్లో వాడే వస్తువులు, ఏదీ వదల్లేదు. వాటి మీద వచ్చిన డబ్బుతోనే మిల్ అప్పు తీర్చాడు, కుటుంబాన్ని పోషించాడు. ఒరాంజ్‌లో ఉండగానే 1877లో కొడుకు జూల్ పదహారేళ్ల వయసులో చనిపోయాడు. పురుగుల వేటలో తండ్రి వెంట తిరిగినవాడు, పువ్వులంటే ప్రాణం పెట్టినవాడు. తను కనుగొన్న మూడు కందిరీగలకు ఫాబ్రే ఆ పిల్లవాడి పేరు పెట్టాడు. అంతకు మించి ఆ దుఃఖం గురించి నేనేం చెప్పగలను.

1879లో సెరిన్యాన్ అనే పల్లెలో హెక్టారు నేల, పాత ఇల్లు కొనుక్కున్నాడు. అప్పటికి యాభై ఐదేళ్లు. ఆ నేలను అక్కడి భాషలో 'అర్మాస్' అంటారు. సాగుకు పనికిరాని రాళ్లబీడు. ముళ్లమొక్కలు తప్ప ఏమీ మొలవవు. అందరూ వద్దన్న నేల ఈయనకు కావలసింది, ఎందుకంటే ముళ్లపువ్వుల మీద వాలని తేనెటీగ, కందిరీగ లేదు. చుట్టూ గోడ కట్టించాడు. మిగిలిన ముప్పై ఆరేళ్లూ అక్కడే. రాసుకోవడానికి చేతిరుమాలంత చిన్న బల్ల. కుడివైపు సిరాబుడ్డి, ఎడమవైపు నోటుపుస్తకం. మూడో వస్తువు పట్టదు.

ఆయన ఎలా చూసేవాడో చెప్తాను. ఒకసారి పొద్దున్నే దారి పక్కన రాయి మీద కూర్చుని కందిరీగను చూస్తున్నాడు. ద్రాక్షలు కోయడానికి వెళ్తున్న ముగ్గురు ఆడవాళ్లు పలకరించి వెళ్లారు. పొద్దుగూకాక వాళ్లు బుట్టలతో తిరిగొచ్చేసరికి ఆ మనిషి అదే రాయి మీద, అదే చోటు చూస్తూ ఉన్నాడు. వాళ్లలో ఒకామె నుదుటి మీద వేలు పెట్టుకుని, "పాపం, మతిలేనివాడు" అంది. ముగ్గురూ శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయారు.

అలా కూర్చుని చూసినవాటిలో ఒకటి బాగా ప్రచారమైంది. స్ఫెక్స్ అనే కందిరీగ కీచురాయిని పట్టి, ఈడ్చుకొచ్చి, కన్నం ముందు పెట్టి, లోపల అంతా సరిగ్గా ఉందో లేదో దిగి చూసి వస్తుంది. అది లోపలికి దిగగానే ఫాబ్రే కీచురాయిని కొంచెం దూరం జరిపాడు. అది వచ్చి, వెతుక్కుని, మళ్లీ కన్నం ముందుకు తెచ్చి, మళ్లీ లోపలికి దిగింది. మళ్లీ జరిపాడు. నలభై సార్లు! నలభై సార్లూ అది లోపలికి దిగి చూసింది. పురుగుకు బుద్ధి లేదు, పుట్టుకతో వచ్చిన సహజాతమే ఉంది అనడానికి ఈ కథ చాలామంది చెప్తారు. కాని ఫాబ్రే తర్వాత ఇంకో చోట, ఇంకో గుంపులో ఇదే చేసి చూశాడు. అక్కడి కందిరీగలు రెండు మూడు సార్లకే మోసం పసిగట్టి, కీచురాయిని తిన్నగా లోపలికి లాక్కుపోయాయి. తను అప్పటికే చేసిన వాదానికి అది అడ్డం వచ్చేదే. అయినా ఆయన దాన్ని దాచలేదు, అచ్చు వేశాడు. దాన్ని వదిలేసి సగం కథ చెప్పడం ఆయనకు అన్యాయం చేయడమే.

సికాడాల సంగతిలో ఆయన పొరబడ్డాడు. వేసవంతా ఇంటి ముందు చెట్ల మీద చెవులు గింగురుమనేలా అరిచే పురుగులు అవి. వాటికి వినబడుతుందా అని తెలుసుకోవడానికి ఊళ్లో పండగలకు పేల్చే రెండు ఫిరంగులు తెప్పించి, కిటికీలు పగలకుండా తెరిచిపెట్టించి, చెట్టు కింద పేల్చాడు. పైన పాట ఆగలేదు. చెవిటివి అని తేల్చాడు. వాటికి వినబడుతుందని ఇప్పుడు మనకు తెలుసు. తమ పాట ఉండే స్థాయి శబ్దాలకు అవి చెవి ఒగ్గుతాయి, ఫిరంగి మోత వాటికి లెక్కలోకి రాదు. ప్రయోగాన్ని అంత వివరంగా రాసిపెట్టాడు కాబట్టే ఎక్కడ పొరపాటు జరిగిందో మనం చెప్పగలుగుతున్నాం.

పైన్ చెట్ల మీద ఒక గొంగళిపురుగు ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి, ముందుదాని తోకకు తల ఆనించి, పట్టుదారం వదులుకుంటూ వరసగా నడుస్తుంది. 1896 జనవరి చివర్లో ఇవి ఒక పెద్ద పూలకుండీ అంచు మీదికి ఎక్కాయి. అంచు నిండగానే ఫాబ్రే మిగిలినవాటిని తుడిచేశాడు, కిందికి ఉన్న దారాలూ చెరిపేశాడు. ఇప్పుడు మొదటిదీ లేదు, చివరిదీ లేదు. గుండ్రంగా తిరుగుతున్నాయి. జానెడు దూరంలో తిండి ఉంది. రాత్రిళ్లు చలికి ముడుచుకుని ఆగుతాయి, తెల్లారాక మళ్లీ మొదలు. ఎనిమిదో రోజుకు గాని దిగలేదు. లెక్కల మాస్టారు కదా, అంచు చుట్టుకొలత 1.35 మీటర్లు, నిమిషానికి 9 సెంటీమీటర్ల నడక, 335 చుట్లు అని లెక్కగట్టి పెట్టాడు.

పిల్లల సంగతి మొదట్లో అన్నాను. ఈ ఇంట్లో ప్రయోగాలన్నిటికీ వాళ్లే చేతులూ కళ్లూ. ఆ కార్పాంత్రా పిల్లల నల్ల తేనెటీగల బంధువుల్ని రంగుచుక్క పెట్టి నాలుగు కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదిలితే ఇల్లు చేరతాయా అని చూశాడు. మధ్యాహ్నం రెండింటి వేళ వదిలి ఇంటికొచ్చేసరికి కూతురు అగ్లాయ్ ఎర్రబడ్డ బుగ్గలతో పరిగెత్తుకొచ్చింది. "రెండు! రెండు గంటల నలభైకి రెండొచ్చాయి, పొట్ట కింద పుప్పొడితో!" అంది. దారిలో పని కూడా చూసుకుని వచ్చాయన్న మాట. పుప్పొడి సంగతి గమనించింది ఆ పిల్ల. ఎర్రచీమల దండు ఏ దారిన వెళ్తుందో చూడటానికి ఆరేళ్ల మనవరాలు లూసీని కాపలా పెట్టాడు. ఆమె జేబునిండా తెల్లరాళ్లు వేసుకుని, చీమలు నడిచిన దారంతా ఒక్కో రాయి వేస్తూ వెళ్లి, తాతను పిలిచింది. ఈ సాయాలన్నీ ఆయన పేర్లతో సహా రాశాడు.

ఒక మే నెల పొద్దున ఒక పెద్ద మాత్, అంటే రాత్రిపూట ఎగిరే సీతాకోకలాంటి పురుగు, ఆడది, గూడు విప్పుకుని బయటికొచ్చింది. యూరప్‌లో అంత పెద్ద మాత్ ఇంకొకటి లేదు. జల్లెడ మూత కింద పెట్టి మరచిపోయాడు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో గోల. చిన్న కొడుకు పాల్ సగం బట్టలతో గదిలో గెంతుతూ, కుర్చీలు పడదోస్తూ, రండి రండి, పిట్టలంత సీతాకోకలు, గది నిండా అని అరుస్తున్నాడు. కొవ్వొత్తి పట్టుకుని పిల్లవాడితో మేడ మీదికి వెళ్లాడు. ఆ రాత్రి ఇంట్లోకి నలభై దాకా మగవి వచ్చాయి. రెక్కలు టపటపలాడిస్తూ కొవ్వొత్తిని ఆర్పేశాయి, భుజాల మీద వాలాయి, మొహానికి తగిలాయి. పాల్ భయపడి నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎనిమిది రాత్రుల్లో నూట యాభై దాకా వచ్చాయి. ఆ ప్రాంతంలో అవి అరుదు కూడా.

ఎలా తెలిసింది వాటికి? చూపు అనడానికి చీకటి. గట్టిగా మూసిన డబ్బాలో ఆడదాన్ని పెడితే ఒక్కటీ రాలేదు. సందున్న డబ్బాలో పెడితే వచ్చాయి. గదినిండా ఘాటైన నాఫ్తలీన్ వాసన పెట్టినా దారి తప్పలేదు. మన ముక్కుకు అందని ఏదో వాసన అనే దాకా వచ్చాడు. అలాంటి పదార్థాన్ని మొదటిసారి విడదీసి పేరు పెట్టింది 1959లో, పట్టుపురుగు నుంచి. పాల్ అరుపుకీ ఆ రసాయనానికీ మధ్య దాదాపు అరవై ఏళ్లు.

చివరగా పేడపురుగు. మొదటి సంపుటం మొదలైందే దీనితో. ఉండ చేసి, వెనక కాళ్లతో తోసుకుంటూ, ఎత్తు ఎక్కి, జారిపడి, మళ్లీ ఎక్కే ఆ పురుగు. ఉండలో గుడ్డు ఉంటుందని వేల ఏళ్లుగా నమ్మకం. ఫాబ్రే ఎన్ని ఉండలు విప్పినా గుడ్డు లేదు. ఆ ఉండ పురుగు తినే తిండి మాత్రమే. మరి గుడ్డు ఎక్కడ? దాదాపు నలభై ఏళ్లు ఈ ప్రశ్న అలాగే ఉండిపోయింది. పంజరాల్లో పెంచాడు, తవ్వాడు, ఓడిపోయానని రాశాడు.

ఊళ్లో గొర్రెలు కాసే కుర్రవాడు ఒకడున్నాడు. తీరిక దొరికినప్పుడు పేడపురుగుల మీద ఓ కన్నేసి ఉంచమని ఫాబ్రే చెప్పాడు. జూన్ నెల రెండో సగంలో ఒక ఆదివారం ఆ కుర్రవాడు సంతోషంతో వచ్చాడు. పురుగు నేలలోంచి బయటికి రావడం చూశాడట, అది వచ్చిన చోటే తవ్వాడట, అరచెయ్యి తెరిచాడు. చిన్న బేరిపండు ఆకారం. బాగా పండి రంగు మారిన పండులా గోధుమరంగు, నున్నగా, గట్టిగా, కొయ్యబొమ్మలు చేసేవాడు పిల్లల ఆటకు చెక్కి ఇచ్చినట్టుంది. గుడ్డు ఇందులోనే ఉందా? విప్పి చూడాలి. ఒక్కటే ఉంది, నలిగిపోతే మళ్లీ దొరకదేమో. ఫాబ్రే దాన్ని దాచిపెట్టి మర్నాడు తెల్లవారుజామునే కుర్రవాడి వెంట గొర్రెలు మేసే చోటికి వెళ్లాడు. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. కుర్రవాడు తవ్వుతున్నాడు, ఫాబ్రే ముఖం నేలకు ఆనించి చూస్తున్నాడు. రెండో పండు దొరికింది, పక్కన తల్లిపురుగు కూడా.

గుడ్డు పండు మెడ దగ్గర చిన్న అరలో ఉంది. గాలీ వెచ్చదనమూ అందేలా ఆ చివర పలచగా ఉంది. కింది భాగం గుండ్రం. అదే ఘనపరిమాణానికి అన్నిటికన్నా తక్కువ ఉపరితలం ఉండేది గోళానికి, కాబట్టి మండు వేసవిలో లోపలి తిండి ఎండిపోకుండా ఎక్కువ రోజులు మెత్తగా ఉంటుందని ఫాబ్రే గుర్తుపట్టాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. గులకరాళ్ల బీట్లో పిల్లలకు ఆయన నేర్పబోయింది ఆ రేఖాగణితమే. ఆ తర్వాత ఆ ఎండాకాలమంతా ఇద్దరూ తెల్లారకముందే బయల్దేరి, గొర్రెలు అటూ ఇటూ మేస్తుంటే పండ్ల కోసం తవ్వుతూ కూర్చున్నారు.